గాలిలో వల లాగిన మనిషి: ఉద్దానం తీరం నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి రోగి, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. మనిషిని గుర్తుపట్టించే వివరాలు కొన్ని మార్చాను, ఊరి పేరు రాయడం లేదు. వైద్యానికి సంబంధించినవి ఏవీ మార్చలేదు. నా పొరపాటు కూడా ఇందులో ఉంది. దాన్ని దాచి రాస్తే ఈ కేసు చెప్పడంలో అర్థం లేదు.

2023 డిసెంబరులో ఒక రాత్రి పదకొండు దాటాక క్యాజువాలిటీ నుంచి పిలుపొచ్చింది. వెళ్ళేసరికి మంచం మీద ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి కూర్చుని గాలిలో ఏదో లాగుతున్నాడు. కుడి చెయ్యి ముందుకి చాచి, పిడికిలి బిగించి, వెనక్కి లాగుతాడు. ఆ వెంటనే ఎడమ చెయ్యి. మధ్యలో ఆగి, కనబడని దారాన్ని వేళ్ళతో తడిమి, చిక్కుకున్నదేదో విదిలించి పక్కన పడేస్తాడు. మళ్ళీ లాగుతాడు. ఒళ్ళంతా చెమట, ఎండిపోయిన పెదాలు, ఆగని వణుకు. "లాగండ్రా, బేగి లాగండి, కెరటం వొస్తంది" అని ఎవరినో కేకేస్తున్నాడు.

భార్య గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "నిన్న రేతిరి కాడ నుంచీ ఇదే వరసమ్మా. వల లాగతన్నాడు. గాలి సోకిందని మంత్రం కూడా ఏయించినాం" అంది.

అది గాలి కాదు, డెలీరియం ట్రెమెన్స్. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే ప్రమాదకరమైన స్థితి. చాలామందిలో అది వాళ్ళ పని రూపంలోనే బయటపడుతుంది. డ్రైవరు స్టీరింగు తిప్పుతాడు, దర్జీ గుడ్డ కుడతాడు. పలాసలో జీడి బట్టీలో పనిచేసిన ఒకాయన దుప్పటి మడతల్లో పిక్కలు ఏరుకోవడం చూశాను. ఈయన పదిహేడో ఏట నుంచి గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద కళాసీ. అందుకే వల లాగుతున్నాడు.

ఆయనేమీ మానేద్దామని మానలేదు. మూడు రోజులుగా వాంతులు, గుక్కెడు నీళ్ళు కూడా ఇమడలేదు. మందు కూడా ఇమడలేదు కాబట్టి తాగలేదు, అంతే. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి రెండు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించాడు. ఆయన తనకు తెలిసిన మేరకు మంచే చేశాడు. కానీ దీర్ఘకాలం తాగినవాళ్ళ ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. గ్లూకోజు వాడుకోవడానికి శరీరానికి అదే కావాలి. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చైపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. దాన్నే వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటాం. చూపు తేడా, నడక తూలడం, మతి తప్పడం దాని గుర్తులు. నడకలో తూలుడు చూసి "ఇంకా దిగలేదు" అనుకునే ఇళ్ళు చాలా ఉంటాయి. మా దగ్గర ముందు చేసిన పని థయమిన్ ఇంజెక్షన్. ఆ తర్వాతే మిగతావి.

కాలేయం పరీక్షలు బాగా తేడాగా ఉన్నాయి కాబట్టి వణుకు, అలజడి తగ్గించడానికి లోరాజెపామ్ వాడాం. కాలేయం దెబ్బతిన్నవాళ్ళలో దీన్ని వాడటం కొంత నయం, ఒంట్లో పేరుకుపోదు. అయిదో రోజు పొద్దున ఆయన చేతులు ఆగాయి. చుట్టూ చూసి, "ఇదేటి, బోటు కాదా?" అని అడిగాడు. భార్య అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడలేదు.

ఇక్కడొక మాట కుటుంబాలకి చెప్పాలి. రోజూ బాగా తాగే మనిషి చేత "ఈ రోజు నుంచి బంద్" అని ఇంట్లో ఒట్టు వేయించుకోవడం మంచి పనిలా కనిపిస్తుంది. నిజానికి అది ప్రాణం మీదికి తేవచ్చు. మద్యం మెదడులో బ్రేకులాంటి గాబా అనే రసాయనానికి బలమిస్తుంది, ఆక్సిలరేటరులాంటి గ్లుటామేట్ అనే రసాయనాన్ని అణిచిపెడుతుంది. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు సర్దుకుంటుంది, తన బ్రేకు తగ్గించుకుని ఆక్సిలరేటరు పెంచుకుంటుంది. అప్పుడు మద్యం హఠాత్తుగా ఆగితే బ్రేకు లేని బండే మిగులుతుంది. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. మూడో రోజు అటూ ఇటూగా ఇలాంటి డెలీరియం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఆ రోజు నుంచే మానేసిన భక్తులు రెండో రోజో మూడో రోజో ఫిట్స్‌తో మా దగ్గరికి రావడం చూశాను. "స్వామికి అపచారం జరిగింది" అని ఇంట్లోవాళ్ళు వణికిపోతూ ఉంటారు. మాల వేసుకోండి. కానీ రోజూ పొద్దున్నే చేతులు వణికే మనిషైతే, మాల కంటే వారం ముందు డాక్టరు దగ్గరికి రండి.

వెనక కథ

తెలివి వచ్చాక మూడు నాలుగు రోజులు ఆయన మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పాడు.

మొదటి గుక్క పదిహేనో ఏట. తెప్ప మీద వెళ్ళొచ్చిన రోజు పెద్దవాళ్ళు "అలుపు తీరతాది" అని ఇచ్చారు. వేరావల్ వెళ్ళడం మొదలయ్యాక మొదటి పదేళ్ళూ నిజానికి ఆయన తాగుడు పెద్ద సమస్య కాదు. ఆగస్టులో వెళ్తారు, ఒక్కో ట్రిప్పు పదిహేను ఇరవై రోజులు సముద్రం మీదే, వేసవి చివర్లో ఇంటికొస్తారు. 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ గుజరాత్‌లో మద్య నిషేధం ఉంది. అక్కడ ఉన్నన్నాళ్ళూ తాగకపోయినా ఏమీ అనిపించేది కాదట. ఊరి బస్సు దిగగానే నోరూరేది.

ఈ ఒక్క ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగాను. భార్య దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. "అక్కడ మానగలిగినోడు ఇక్కడ మానలేడా? కావాలనే తాగతన్నాడు" అని. పదిహేనేళ్ళుగా ఆమె గుండెలో ఉన్న ముల్లు ఇదే. కానీ వ్యసనం సీసాలో మాత్రమే ఉండదు. బస్టాండు మలుపు, ఎండుచేపల వాసన, సాయంత్రం ఆరు గంటలు, జేబులో నోట్ల కట్ట, ఫలానా బావమరిది నవ్వు, వీటన్నిటికీ మెదడు మద్యాన్ని ముడి వేసుకుంటుంది. ఆ ముడి పడ్డాక వాటిలో ఒక్కటి కనబడినా చాలు, గ్లాసు ముట్టకముందే ఒళ్ళు సిద్ధమైపోతుంది. సముద్రం మీద ఆ గుర్తులేవీ లేవు. అందుకే కోరికా లేదు. ఆయన అక్కడ మంచివాడూ కాదు, ఇక్కడ చెడ్డవాడూ కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో ఆ ఒక్క రాత్రి ఎన్ని కొబ్బరి చెట్లు కూలాయో చూసినవాళ్ళెవరూ మర్చిపోలేదు. వీళ్ళకున్నవి పదిహేను చెట్లు, పదమూడు పడిపోయాయి. ఇల్లు పోయింది, అప్పు మిగిలింది. రెండేళ్ళకి తండ్రి కిడ్నీ జబ్బుతో, డయాలసిస్ మీద పోయాడు. ఆ దినవారాల్లో మొదలైన తాగుడు ఆగలేదు. పొద్దున చెయ్యి వణికితే ఒక గుక్క, సాయంత్రానికి మూడు క్వార్టర్లు. 2022కి వచ్చేసరికి వేరావల్ కూడా ఆయన్ని కాపాడలేకపోయింది. నిషేధం లేని, పక్కనే ఉన్న డయ్యూ నుంచి సీసాలు తెప్పించుకుని బోటులో దాచుకునేవాడు. 2023 ఆగస్టులో ఒక ట్రిప్పుకి సీసాలు దొరకలేదు. రెండో రాత్రి బోటు మీద ఫిట్స్ వచ్చి పడిపోయాడు. బోటు నడిపించే టండేలు మనిషిని తోడిచ్చి ఇంటికి పంపేశాడు.

అప్పటికే ఇంట్లోవాళ్ళు ఎన్నో చేశారు. ఆకు పసరు తాగించారు. గుళ్ళో ప్రమాణం చేయించారు. ఒక మందుల షాపువాడు ఇచ్చిన తెల్లటి మాత్రలు పొడి చేసి పులుసులో కలిపారు. అవి డైసల్ఫిరామ్. మద్యం ఒంట్లో అరిగే దారిని మధ్యలో ఆపే మందు. అది తీసుకుని తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలిసి ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో తీసుకునే మనిషికి అది పనికొస్తుంది. తెలియకుండా కలిపితే విషప్రయోగం లాంటిదే. ఆయన ఆ సాయంత్రం తాగి, రోడ్డు మీద పడిపోయి, చచ్చి బతికాడు. సంగతి తెలిశాక ఎనిమిది నెలలు భార్య ముందు తింటే తప్ప ఆ కుండలో అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఒక మాన్పించే కేంద్రంలో నెల రోజులు ఉంచారు. అక్కడ కాలికి గొలుసు వేశారని తర్వాత నాకు మచ్చ చూపించాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితుల్ని మానసిక రుగ్మతల కిందే లెక్కించింది, రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఈ సంగతి ఎక్కువ కుటుంబాలకి తెలియదు. ఇంకోవైపు, 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది. మిగతా ముప్ఫై ఏడుగురి ఇళ్ళలో ఏం జరుగుతుందో ఈ పులుసు కుండ, ఈ గొలుసు మచ్చ చెబుతాయి.

కిడ్నీ సంగతి

రక్త పరీక్షల్లో క్రియాటినిన్ 2.4 వచ్చింది. కిడ్నీ సరిగా పనిచేయకపోతే పెరిగే సంఖ్య అది. స్కానింగులో కిడ్నీలు చిన్నబడి ఉన్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, అంటే కిడ్నీ జబ్బుకి పేరుబడ్డ ఉద్దానం మండలాల్లో పనిచేసే ఏ డాక్టరుకీ ఇది వింత కాదు. కానీ వ్యసనానికి మందు రాసేటప్పుడు ఇది లెక్కలన్నీ మార్చేస్తుంది. కోరిక తగ్గించడానికి వాడే అకాంప్రోసేట్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, కిడ్నీ బాగా దెబ్బతింటే అసలు వాడకూడదు. కాలేయం బాగోలేనివాళ్ళకి ఇచ్చే బాక్లోఫెన్ కూడా కిడ్నీ దారిదే. పేరుకుపోతే మతి తప్పుతుంది. డైసల్ఫిరామ్ ఆయన కాలేయానికీ పడదు, ఆయన మనసుకీ పడదు. మిగిలింది నాల్‌ట్రెక్సోన్. కాలేయం సంఖ్యలు దిగేదాకా ఆగి, కిడ్నీ డాక్టరుతో మాట్లాడి, 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. మద్యం తాగితే వచ్చే హాయిని ఇది తగ్గిస్తుంది, తాగితే జబ్బు చెయ్యదు. ఒక జాగ్రత్త ఉంది. ఇది వాడేటప్పుడు ట్రమడాల్ లాంటి నొప్పి మందులు పనిచేయవు, ఆపరేషన్ ఉంటే ముందే చెప్పాలి. ఆ సంగతి ఒక కార్డు మీద రాసి జేబులో పెట్టించాం. నడుం నొప్పికి ఆయన రోజూ మింగే నొప్పి బిళ్ళలు కూడా ఆపించాం, కిడ్నీకి అవి చేటు.

మన వైపు వ్యసనానికి వైద్యం రాసేవాళ్ళు మొదటి రోజే క్రియాటినిన్ చూడకుండా కలం ముట్టకూడదని నా గట్టి నమ్మకం.

నా పొరపాటు

డిసెంబరు 28న ఇంటికి పంపాం. సంక్రాంతికి ఏం చెయ్యాలో మాట్లాడుకున్నాం. గ్రామదేవత సంబరం, పెళ్ళిళ్ళు, గొడవలు, పాత స్నేహితులు అన్నీ రాసుకున్నాం. సంక్రాంతి దాటింది. ఫిబ్రవరి, మార్చి బాగానే ఉన్నాడు. ఏప్రిల్‌లో రాలేదు. ఫోను చేస్తే "బాగానే ఉన్నానమ్మా, మాత్తర కూడా అక్కర్నేదు" అన్నాడు. నేను సంతోషించాను. అప్పుడే కంగారుపడాల్సింది.

జులైలో భార్య తీసుకొచ్చింది. తొమ్మిది రోజులుగా తాగుతున్నాడు. ఈసారి ఆరు రోజులు వార్డులో ఉంచి మందులతో దించాం. ఇలా ఆగడం, తాగడం పదే పదే జరిగితే ఒక్కోసారికీ ఆ వణుకు, ఫిట్స్ ముదురుతాయి కాబట్టి ఇంట్లో వద్దన్నాం.

నెమ్మదించాక "ఎక్కడ మొదలైంది?" అని అడిగాను. "అడ్వాన్సు ఇచ్చిన రోజు" అన్నాడు. వేరావల్ బోటు యజమాని మనిషి ఊరికొచ్చి కొత్త సీజనుకి ముప్ఫై వేలు చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే బెల్టు షాపు.

ప్రతి ఏడూ జూన్, జులైలో అడ్వాన్సు వస్తుందని, అది చేతిలో పడిన రోజు ఇరవై ఏళ్ళుగా తాగాడని ఆయనకి తెలుసు, భార్యకి తెలుసు, ఊరందరికీ తెలుసు. నేను అడగలేదు. పండగలు అడిగాను, డబ్బు ఎప్పుడొస్తుందో అడగలేదు. నెల జీతం తీసుకునే మనిషికి తట్టే ప్రశ్నలే నాకు తట్టాయి.

కానీ ఇంకొంచెం వెనక్కి వెళ్తే మొదలు అడ్వాన్సు కూడా కాదు. ఏప్రిల్‌లో మాత్ర మానేశాడు. మేలో నిద్ర చెడింది, ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో వల బాగుచేయించడానికని రేవు దారిన వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇంటి నుంచి వల పనివాడి దగ్గరికి దగ్గర దారి ఇంకోటుంది. రేవు దారిలో బెల్టు షాపు ఉంది. "అక్కడ కూసుని కూల్‌డ్రింకే తాగీవోణ్ణి" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే కూల్‌డ్రింకే. మళ్ళీ తాగుడుకి జారే తీరుని లోతుగా పరిశీలించిన, అమెరికాలో పనిచేసిన మనస్తత్వవేత్త అలాన్ మార్లట్ ఇలాంటి చిన్న చిన్న నిర్ణయాల గురించే హెచ్చరించాడు. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పనిపించదు. అన్నీ కలిపి చూస్తే మనిషిని అంగుళం అంగుళం సీసా పక్కకి జరిపి ఉంటాయి. డబ్బు వచ్చేసరికి ఆయన ఆ బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు.

మరి ఒక్క క్వార్టరు తొమ్మిది రోజులెందుకైంది? "ఏడు నెలలు పోనాయి కదా. ఇంకేటి మిగిలింది" అన్నాడు. నిండా మునిగినవాడికి చలేమిటి అంటాం చూడండి, అదే. తాగుడు కంటే ఈ ఆలోచనే ఎక్కువమందిని ముంచుతుంది. తప్పటడుగు పడిన క్షణంలో మనిషి తనని తాను దోషిగా నిలబెట్టుకుంటాడు, ఆ సిగ్గుని తట్టుకోలేక మళ్ళీ తాగుతాడు. మొదటి గ్లాసు తాగిన రాత్రి మాకు ఫోను చేసి ఉండొచ్చు. కానీ నేను ఆయనకి తాగకుండా ఎలా ఉండాలో చెప్పాను గానీ, తాగితే ఏం చెయ్యాలో చెప్పలేదు. అలా చెబితే తాగమని అనుమతిచ్చినట్టు అవుతుందని లోపలెక్కడో భయం. ఆ భయానికి మూల్యం ఆయన చెల్లించాడు.

ఎర్ర పెన్సిలు

ఆయన చదివింది అయిదో తరగతి. ఫారాలు నింపమంటే ముడుచుకుపోతాడు. అందుకని రెండోసారి చార్టు కాగితం ఇచ్చి ఊరి బొమ్మ గీయమన్నాను. గీయడం మొదలుపెట్టాక ఆయన చెయ్యి ఆగలేదు. ఇల్లు, రామమందిరం, నీళ్ళ ట్యాంకు, రేవు, తెప్పలు, పాడైన తుపాను షెల్టరు, బస్సు ఆగే చోటు, బడి, చెల్లెలి ఇల్లు. ఎర్ర పెన్సిలు చేతికిచ్చి "నోరూరే చోట్లు" గుర్తుపెట్టమన్నాను. బెల్టు షాపు పెట్టాడు. బస్సు ఆగే చోటు పెట్టాడు. కొంచెం ఆగి, తండ్రిని కాల్చిన చోటు పెట్టాడు. ఇన్ని నెలల్లో ఆ మాట మా మధ్య రాలేదు.

దాని మీద రెండు వారాలు మాట్లాడుకున్నాం. తండ్రిలాగే తనకీ కిడ్నీ పోతుందని, ఎలాగూ పోయేదానికి మానడమెందుకని అనుకుంటున్నాడు. చచ్చిపోవాలన్న ఆలోచనలూ ఉన్నాయి. అడిగితేనే చెప్పాడు. తాగే మనిషిని ఈ ప్రశ్న నేరుగా అడగాలి. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. కిడ్నీ వైద్యానికి పలాసలోని కిడ్నీ ఆసుపత్రికి పంపాం. క్రియాటినిన్ ఇంకా డయాలసిస్ దాకా రాలేదని, బీపీ అదుపులో ఉంచి, నొప్పి బిళ్ళలు, తాగుడు మానేస్తే చాలా కాలం నెట్టుకురావచ్చని అక్కడి డాక్టరు ఆయన ముందు కూర్చుని చెప్పారు. నేను చెప్పిన పది మాటల కంటే అది ఎక్కువ పనిచేసింది.

కోరిక పొంగినప్పుడు ఏం చెయ్యాలో మాట్లాడేటప్పుడు నేనే ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఆ తలపు ఎప్పటికీ ఉండిపోదని, పావుగంటో అరగంటో పెరిగి తనంతట తానే దిగుతుందని చెప్పాను. "కెరటంలాగన్నమాట" అన్నాడు. తీరం దగ్గర కెరటం విరుగుతున్నప్పుడు తెప్పని అడ్డంగా పెడితే బోల్తా, వెనక్కి తిప్పినా బోల్తా, ముక్కు ఎదురుపెట్టి ఆగాలి, అది కిందనుంచి వెళ్ళిపోతుంది అని చేతులతో చూపించాడు. ఈ పద్ధతికి మార్లట్ పెట్టిన పేరు 'అర్జ్ సర్ఫింగ్', అంటే కోరికని కెరటంలా భావించి దాని మీద స్వారీ చెయ్యడం. ఈయనకి ఆ పేరు అక్కర్లేదు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాట "ముక్కు ఎదురు". కోరిక వస్తే చెల్లెలి ఇంటికి నడవడం, మజ్జిగన్నం తినడం, టైము చూసుకోవడం. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏదుందో ముందు చూసుకోమన్నాను. ఆయనకి ఎక్కువసార్లు తేలింది ఆకలే.

ఆ సీజనుకి వేరావల్ వెళ్ళలేదు. అడ్వాన్సులో మిగిలింది తిరిగిచ్చేశారు, ఖర్చైపోయినది భార్య డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని కట్టింది. మేనమామ ఫైబర్ తెప్ప మీద రోజువారీ వేటకి వెళ్తున్నాడు. ఆదాయం సగమైంది. ఇది తేలికైన సలహా కాదు, ఇచ్చేటప్పుడు నాకూ తెలుసు.

ఆవిడ

ఈ కేసులో నేను ఎక్కువగా రాయలేకపోతున్నది భార్య గురించి. పదిహేనేళ్ళు ఆవిడ పని కాపలా. జేబులు వెతకడం, నోరు వాసన చూడటం, బెల్టు షాపువాడితో తగువు. వాళ్ళమ్మకి 1995 నిషేధం రోజులు గుర్తు. అప్పుడు కూడా తన మొగుడు ఇచ్ఛాపురం దాటి ఒడిశా వెళ్ళి తాగొచ్చేవాడని, 1997లో నిషేధం సడలించాక దగ్గర్లోనే తాగాడని కూతురికి చెప్పేది. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ కాపలాలోనే బతికారు. పులుసులో మాత్ర కలిపిన సంగతి ఆవిడే నాతో చెప్పింది, ఆయన ముందే, తల దించుకుని. ఆయన చాలాసేపు ఊరుకుని, "నానైనా అలగే సేద్దును" అన్నాడు.

నాల్‌ట్రెక్సోన్ ఆవిడ ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాం. పొద్దున టీ తాగేటప్పుడు ఆయనే తీసుకుని వేసుకుంటాడు. ఆదివారం ఖాళీ స్ట్రిప్పు ఆవిడ చేతికిస్తాడు. వాసన చూడటం ఆవిడ మానేసింది. ఆవిడకి బీపీ ఉందని మాకు తెలిసింది కూడా అప్పుడే. పదిహేనేళ్ళలో ఎవరూ చూడలేదు.

ఈసారి కార్డు వెనక ఆయన చేతనే ఒక మాట రాయించాం: "ఒక గలాసు తాగితే ఆ రాత్రే లేదా తెల్లారగానే ఫోను." కింద మా నంబరు, దాని కింద మానసిక సాయానికి టెలీ మానస్ 14416, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఆవిడకి విడిగా ఒక మాట చెప్పాను: ఆ రోజు వస్తే ఏడవకండి, తిట్టకండి, ఫోను చేతికివ్వండి.

ఆ రోజు 2025 మార్చిలో వచ్చింది. గ్రామదేవత సంబరం. మేనమామ కొడుకు గ్లాసు అందించాడు, తీసుకున్నాడు, తాగాడు. మర్నాడు పొద్దున ఆరూ నలభైకి నా ఫోను మోగింది. కాసేపు ఊపిరి తప్ప మాట వినబడలేదు.

"అమ్మా. నిన్న రేతిరి ఒక గలాసు తాగీసినాను. ఇంకా ఎల్లనేదు. ఇంటికాడే కూకున్నాను."

రమ్మన్నాను. పదింటి బస్సుకి ఇద్దరూ వచ్చారు. తొమ్మిది రోజులు ఈసారి పది గంటలైంది. నా నోట్సులో ఆ రోజు తేదీ పక్కన మందుల పేర్లు ఏమీ లేవు. ఫోను వచ్చిన టైము ఒక్కటే రాసుకున్నాను. ఇంతకుముందు రోగులు ఎన్ని రోజులు తాగకుండా ఉన్నారో లెక్కపెట్టేదాన్ని, ఇప్పుడు తప్పటడుగుకీ ఫోనుకీ మధ్య ఎంతసేపు పట్టిందో కూడా చూస్తున్నాను.

ఆ తర్వాత తాగలేదు. క్రియాటినిన్ 2.2 దగ్గర నిలకడగా ఉంది. నిద్ర ఇంకా పూర్తిగా కుదరలేదు, అది కొన్ని నెలలు పడుతుందని చెప్పాను. అన్నం ఇద్దరూ ఒకే కుండలోది తింటున్నారు.

జూన్‌లో వచ్చినప్పుడు అడిగాడు: "ఈ ఆగస్టుకి వేరావల్ ఎల్లమంటారా?" పెద్ద గుంట ఇంటరుకొచ్చింది, ఫీజు కట్టాలి. రోజువారీ వేటలో అది మిగలదు. బోటు మీద నీళ్ళు తక్కువ, ఎండ ఎక్కువ, కిడ్నీకి మంచిది కాదు. మాత్రలు అక్కడ దొరకడం కష్టం. అయినా వద్దని ఒక్క మాటలో అనలేకపోయాను.

పాత చార్టు కాగితం తెప్పించాను. మడతల దగ్గర చిరిగింది. ఆయన దాన్ని వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు వేరావల్ రేవు గీయడం మొదలుపెట్టాడు. బోట్లు, ఐసు ఫ్యాక్టరీ, మనవాళ్ళు వండుకునే షెడ్డు. డయ్యూ బస్సు ఆగే చోటు దగ్గర చెయ్యి ఆగింది. భార్య సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీసి ఇచ్చింది.